కాలేజీలో దిగబెట్టే ముందు: సామానుకన్నా ముందు సర్దుకోవాల్సిన కాగితాలు

ఆగస్టు దగ్గర పడిందంటే అమెరికాలో మన ఇళ్లు చాలావాటిలో హాలు నిండా అట్టపెట్టెలే. దుప్పట్లు, టేబుల్ ఫ్యాను, షవర్ చెప్పులు, కందిపొడి, కారప్పొడి డబ్బాలు. అమ్మ జాబితా ఒకటి, నాన్న జాబితా ఒకటి. వీటిలో ఏది మర్చిపోయినా పెద్ద నష్టం లేదు, కాలేజీ ఊళ్లో కొనుక్కోవచ్చు. అవసరం వచ్చిన రాత్రి ఏ షాపులోనూ దొరకనివి వేరే ఉన్నాయి. రెండు మూడు సంతకాలు, ఒక ఇన్సూరెన్స్ నిర్ణయం, టీకాల రికార్డు, వీసా మీదో గ్రీన్ కార్డు మీదో ఉన్నవాళ్లయితే ఒక అడ్రస్ మార్పు. కారు కదలకముందే ఇంట్లో కూర్చుని చూసుకోవాల్సినవి ఇవి. మొదటిసారి పిల్లల్ని దూరం పంపుతున్న కుటుంబాల కోసం అన్నీ ఒకచోట చేర్చి ఇస్తున్నాం.

18 నిండితే ఏం మారుతుంది?

మనం చదువుకున్న రోజుల్లో మార్కుల కార్డు నాన్న చేతికి వచ్చేది. హాజరు తగ్గితే ఇంటికి ఉత్తరం వచ్చేది. ఇక్కడ అలా ఉండదు. 1974లో వచ్చిన ఫెర్పా అనే ఫెడరల్ చట్టం ప్రకారం, విద్యార్థికి 18 ఏళ్లు నిండినా, అంతకన్నా ముందే కాలేజీలో చేరినా, చదువు రికార్డుల మీద హక్కు తల్లిదండ్రుల నుంచి విద్యార్థికి మారిపోతుంది. అంటే 17 ఏళ్లకే కాలేజీలో చేరిన అమ్మాయి రికార్డులు కూడా ఆమెవే. ఫీజు మొత్తం మీరే కడుతున్నా గ్రేడ్లు, హాజరు, క్రమశిక్షణ చర్యల గురించి కాలేజీ మీకు చెప్పాలని లేదు.

చట్టం కొన్ని మినహాయింపులు ఇచ్చింది. పన్ను లెక్కల్లో పిల్లలు మీ డిపెండెంట్ అయితే, ప్రాణానికో ఆరోగ్యానికో ప్రమాదం ఉన్న అత్యవసర పరిస్థితి వస్తే, 21 ఏళ్లలోపు విద్యార్థి మద్యం, డ్రగ్స్ నిబంధనలు ఉల్లంఘిస్తే కాలేజీ తల్లిదండ్రులకు చెప్పవచ్చు. ఇక్కడ ‘చెప్పవచ్చు’ అనే ఉంది, ‘చెప్పి తీరాలి’ అని లేదు. నిర్ణయం కాలేజీది.

దీనికి మార్గం సులువు. చాలా కాలేజీల్లో విద్యార్థి తన పోర్టల్‌లోకి వెళ్లి, ఎవరికి ఏ సమాచారం ఇవ్వవచ్చో అనుమతి ఇవ్వవచ్చు. దీన్ని ఫెర్పా రిలీజ్ అంటారు. గ్రేడ్లకు ఒకటి, ఫీజు బిల్లుకు ఒకటి విడివిడిగా ఉండవచ్చు. బిల్లు విద్యార్థి పేరు మీదే, విద్యార్థి ఈమెయిల్‌కే వస్తుంది కాబట్టి కనీసం ఫీజు అకౌంట్ చూసే అనుమతైనా మీకు ఉండేలా చూసుకోండి. గడువు దాటితే లేట్ ఫీజు పడవచ్చు, తర్వాతి సెమిస్టర్ రిజిస్ట్రేషన్ ఆగవచ్చు.

ఆసుపత్రి నుంచి ఫోన్ వస్తే

కాలేజీ రికార్డుల సంగతి ఇలా ఉంటే, ఆసుపత్రి సంగతి ఇంకా ముఖ్యం. 1996 నాటి హిపా చట్టం కింద, పెద్దవాళ్లయిన రోగుల వైద్య సమాచారం వారి అనుమతి లేకుండా ఇతరులకు ఇవ్వడానికి పరిమితులున్నాయి. రోగి మాట్లాడలేని స్థితిలో ఉంటే, అతని మేలు కోరి కుటుంబానికి చెప్పే వెసులుబాటు డాక్టర్లకు చట్టంలో ఉంది. కానీ అవతల ఫోన్ ఎత్తినవాళ్లకు మీరు నిజంగా తల్లో తండ్రో కాదో తెలియదు. కాగితం లేకపోతే జాగ్రత్త పడి, ఏమీ చెప్పకుండా పెట్టేసేవాళ్లే ఎక్కువ. న్యూజెర్సీలో ఉన్న తల్లికి కాలిఫోర్నియా ఎమర్జెన్సీ రూమ్‌లో కొడుకు ఉన్నాడని తెలిసి కూడా, ఎలా ఉన్నాడో తెలియని పరిస్థితి ఇలాగే వస్తుంది.

పిల్లలు ఇంటి నుంచి బయల్దేరే ముందు మూడు కాగితాలు సిద్ధం చేసుకోవడం మంచిది.

మొదటిది, హిపా ఆథరైజేషన్. వైద్య సమాచారం ఎవరితో పంచుకోవచ్చో చెప్పే కాగితం. ఏ వివరాలు ఇవ్వకూడదో కూడా అందులో రాసుకోవచ్చు.

రెండోది, హెల్త్ కేర్ పవర్ ఆఫ్ అటార్నీ. కొన్ని రాష్ట్రాల్లో దీన్నే హెల్త్ కేర్ ప్రాక్సీ అంటారు. విద్యార్థి స్వయంగా నిర్ణయం తీసుకోలేని స్థితిలో ఉంటే వైద్య నిర్ణయాలు ఎవరు తీసుకోవాలో ఇది చెబుతుంది. స్పృహలో ఉండి మాట్లాడగలిగినంత కాలం నిర్ణయం విద్యార్థిదే.

మూడోది, డ్యూరబుల్ పవర్ ఆఫ్ అటార్నీ. బ్యాంకు, అపార్ట్‌మెంట్ లీజు, కారు కాగితాల వంటి పనులు పిల్లల తరఫున మీరు చేయడానికి. విదేశంలో ఒక సెమిస్టర్ చదవడానికి వెళ్లినప్పుడు దీని విలువ తెలుస్తుంది.

సాక్షుల సంతకాలు, నోటరీ నిబంధనలు రాష్ట్రాన్ని బట్టి మారతాయి. మీ రాష్ట్రం వేరు, కాలేజీ రాష్ట్రం వేరు అయితే రెండు చోట్లా చెల్లేలా చేయించుకోండి. రెండు రాష్ట్రాల ఫారాలూ నింపించేవాళ్లు కూడా ఉన్నారు. మైనారిటీ తీరే వయసు అన్నిచోట్లా 18 కాదని కూడా గుర్తుంచుకోండి. అలబామా, నెబ్రాస్కాల్లో సాధారణంగా 19, మిసిసిపీలో 21. సంతకాలయ్యాక స్కాన్ చేసి మీ ఫోన్లోనూ, పిల్లల ఫోన్లోనూ ఉంచండి. బీరువాలో భద్రంగా ఉన్న కాగితం అర్ధరాత్రి ఎమర్జెన్సీ రూమ్‌లో అక్కరకు రాదు.

పిల్లలతో ఈ మాట ఎలా ఎత్తాలి?

ఈ కాగితాలన్నింటి మీదా సంతకం పెట్టాల్సింది పిల్లలు. పెట్టకపోవడం కూడా వాళ్ల హక్కే. అందుకే ‘ఇదిగో, ఇక్కడ సంతకం పెట్టు’ అంటే పని చెడుతుంది. నాలుగేళ్లూ తమ మీద నిఘా పెట్టడానికే ఇదంతా అని వాళ్లకు అనిపిస్తుంది.

‘నీ మీద అనుమానం ఉండి కాదు నాన్నా. నీకు ఒంట్లో బాగోలేక మాట్లాడలేకపోతే డాక్టరు మాతో మాట్లాడాలి కదా, దానికే ఇది. గ్రేడ్ల సంగతి నువ్వే చెబుదువు గాని, సెమిస్టర్ అయ్యాక’ అని అంటే మాట ముందుకు సాగుతుంది. వైద్యం కాగితాలనూ గ్రేడ్ల కాగితాన్నీ వేరు చేయండి. మొదటివి ప్రాణానికి సంబంధించినవి, వాటి గురించి గట్టిగానే అడగవచ్చు. రెండోదానిలో పిల్లలకు కొంత చోటు వదలండి. మీరూ మీ ఆథరైజేషన్ మీద వాళ్ల పేరు రాసి సంతకం పెడితే ఇంకా మంచిది. అమ్మానాన్నలు కూడా ఏదో ఒక రోజు ఆసుపత్రిలో పడవచ్చు కదా.

హెల్త్ ఇన్సూరెన్స్: ఉంది అనుకుంటే చాలదు

2010లో వచ్చిన అఫర్డబుల్ కేర్ యాక్ట్ వల్ల 26 ఏళ్లు వచ్చేదాకా పిల్లలు తల్లిదండ్రుల ప్లాన్‌లో ఉండవచ్చు. అయితే ఆ ప్లాన్ కాలేజీ ఊళ్లో పనిచేస్తుందా అన్నది వేరే ప్రశ్న. హెచ్ఎంఓ, ఈపీఓ తరహా ప్లాన్లు చాలావరకు తమ నెట్‌వర్క్ ప్రాంతం బయట ఎమర్జెన్సీకి తప్ప డబ్బివ్వవు. మామూలు జ్వరానికి డాక్టర్ని చూడాలన్నా, రక్త పరీక్ష చేయించాలన్నా, ఫిజికల్ థెరపీకి వెళ్లాలన్నా జేబులోంచే పెట్టుకోవాలి. మెడికెయిడ్ రాష్ట్రాల వారీగా నడుస్తుంది కాబట్టి రాష్ట్రం దాటితే దానిదీ ఇదే ఇబ్బంది.

చాలా కాలేజీలు తమ సొంత స్టూడెంట్ హెల్త్ ప్లాన్ ఖర్చును బిల్లులో తామే వేసేస్తాయి. ఏడాదికి వేల డాలర్లు కావచ్చు. మీ ప్లాన్ సరిపోతుందని చూపించి, గడువులోగా వేవర్ ఫారం పెడితే ఆ మొత్తం తీసేస్తారు. గడువు దాటితే కట్టాల్సిందే. కాబట్టి జూలైలోనే మీ ఇన్సూరెన్స్ కంపెనీకి ఫోన్ చేసి, కాలేజీ జిప్ కోడ్ చెప్పి, ‘ఈ చుట్టుపక్కల నెట్‌వర్క్‌లో ప్రైమరీ కేర్ డాక్టరు, అర్జెంట్ కేర్, మానసిక వైద్యులు ఎవరున్నారు?’ అని అడగండి. జవాబు తృప్తిగా లేకపోతే, ఖరీదైనా కాలేజీ ప్లాన్ తీసుకోవడమే మేలు కావచ్చు.

ఉద్యోగాలు ఎప్పుడు ఎలా ఉంటాయో తెలియని రోజులివి. తల్లిదండ్రుల ఉద్యోగం పోయి ఇన్సూరెన్స్ ఆగిపోతే, సంవత్సరం మధ్యలో కూడా కాలేజీ ప్లాన్‌లో చేరడానికి చాలాచోట్ల అవకాశం ఇస్తారు. ఆ గడువు మాత్రం తక్కువ. కవరేజ్ ఆగిన వారంలోనే కాలేజీకి చెప్పాలి.

టీకాలు, టీబీ పరీక్ష

డార్మ్‌లో ఉండేవాళ్లకు మెనింజైటిస్ టీకా చాలా కాలేజీలు అడుగుతాయి. 11, 12 ఏళ్లప్పుడు వేయించినా 16 ఏళ్లకు బూస్టర్ అవసరం. మీజిల్స్, మంప్స్, రుబెల్లా టీకా రెండు డోసులకు రుజువు కావాలి. రికార్డు అప్‌లోడ్ కాకపోతే గది తాళం ఇవ్వకపోవచ్చు, క్లాసుల రిజిస్ట్రేషన్ ఆపవచ్చు. ఇండియాలో వేయించిన టీకాల పుస్తకం ఉంటే ఇక్కడి డాక్టరుతో ముందే రికార్డులో ఎక్కించుకోండి.

మన కుటుంబాలకు ప్రత్యేకంగా వచ్చే చిక్కు టీబీ పరీక్ష. ఇండియాలో పుట్టిన పిల్లలను, అక్కడ ఎక్కువ కాలం ఉండి వచ్చినవాళ్లను చాలా కాలేజీలు ఈ పరీక్ష చేయించుకోమంటాయి. చిన్నప్పుడు బీసీజీ టీకా వేసి ఉంటే చర్మం మీద చేసే పరీక్షలో టీబీ లేకపోయినా పాజిటివ్ రావచ్చు. ఆ తర్వాత ఎక్స్‌రేలు, మళ్లీ అపాయింట్‌మెంట్లు. ఇగ్రా అనే రక్త పరీక్ష మీద బీసీజీ ప్రభావం ఉండదు. మొదటే ఆ పరీక్ష రాయమని డాక్టర్ని అడగండి.

మందులు, కౌన్సెలింగ్, ప్రత్యేక సదుపాయాలు

థెరపిస్టులకు, సైకియాట్రిస్టులకు లైసెన్స్ రాష్ట్రాల వారీగా ఉంటుంది. ఇంటి దగ్గర చూస్తున్న థెరపిస్టు, పిల్లలు వేరే రాష్ట్రానికి వెళ్లాక వీడియోలో కూడా చూడలేకపోవచ్చు. ఏడీహెచ్‌డీ మందుల్లాంటి నియంత్రిత ఔషధాల ప్రిస్క్రిప్షన్‌కూ ఇబ్బందులు వస్తాయి. కాలేజీ కౌన్సెలింగ్ సెంటర్లు సాధారణంగా కొన్ని విడతలే చూసి, తర్వాత బయటి వాళ్ల దగ్గరికి పంపుతాయి. ఇప్పటికే చికిత్సలో ఉన్న పిల్లలకు కాలేజీ ఊళ్లో డాక్టర్ని సెప్టెంబరులో వెతకడం కన్నా వేసవిలోనే కుదుర్చుకోవాలి.

హైస్కూల్లో ఐఈపీ ఉన్న పిల్లలకు అది అక్కడితో సరి. కాలేజీలో అదనపు పరీక్ష సమయం వంటివి చట్టప్రకారం దొరుకుతాయి కానీ, డిజబిలిటీ ఆఫీసుకు వెళ్లి విద్యార్థే అడగాలి, కాగితాలు విద్యార్థే ఇవ్వాలి.

988 నంబరు ప్రతి విద్యార్థి ఫోన్లోనూ ఉండాలి. 2022 జూలై నుంచి దేశమంతా పనిచేస్తున్న ఆత్మహత్యల నివారణ, సంక్షోభ సహాయ లైన్ ఇది. ఫోన్ చేయవచ్చు, టెక్స్ట్ పంపవచ్చు. ‘మా వాడికి అలాంటివేం ఉండవు’ అనుకోకండి. స్నేహితుడికో రూమ్మేట్‌కో అవసరం పడినా మీ పిల్లలే ఆ ఫోన్ చేయాల్సి రావచ్చు.

వీసా, గ్రీన్ కార్డు మీద ఉన్నవాళ్లకు

అమెరికా పౌరులు కానివాళ్లు నివాసం మారిన 10 రోజుల్లో కొత్త అడ్రస్‌ను యూఎస్‌సీఐఎస్‌కు తెలియజేయాలి. ఏఆర్-11 అనే ఈ ఫారాన్ని ఆన్‌లైన్‌లో కొద్ది నిమిషాల్లో నింపవచ్చు, రుసుము లేదు. ఎఫ్-1 విద్యార్థులైతే కాలేజీ ఇంటర్నేషనల్ ఆఫీసు ద్వారా చెప్పాలి. 18 నిండిన గ్రీన్ కార్డుదారులు కార్డు వెంట ఉంచుకోవాలని చట్టం చెబుతోంది. అమ్మ దగ్గర భద్రంగా ఉందంటే కుదరదు.

హెచ్-4 మీద ఉన్న పిల్లలకు ఫెడరల్ ఆర్థిక సహాయం రాదు. క్యాంపస్‌లో లైబ్రరీ ఉద్యోగం కూడా చేయడానికి వీల్లేదు. ఇన్-స్టేట్ ఫీజు వర్తిస్తుందా లేదా అన్నది రాష్ట్రాన్ని బట్టి ఉంటుంది. 21 ఏళ్లు నిండితే హెచ్-4 హోదా పోతుంది, అది సాధారణంగా కాలేజీ మధ్యలోనే వస్తుంది. అందుకే చేరే రోజునే ఆ పుట్టినరోజును కుటుంబ క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకుని, ఎఫ్-1కి మారే విషయం ఏడాది ముందే ఇమ్మిగ్రేషన్ లాయరుతో మాట్లాడాలి. 2002 నాటి చైల్డ్ స్టేటస్ ప్రొటెక్షన్ యాక్ట్ గ్రీన్ కార్డు కోసం వయసు లెక్కగట్టడంలో కొందరికి ఉపయోగపడుతుంది. హెచ్-4 గడువును మాత్రం అది పొడిగించదు.

ఇంకొక జాగ్రత్త. కొత్త రాష్ట్రంలో డ్రైవింగ్ లైసెన్స్ తీసుకునేటప్పుడు, క్యాంపస్‌లో టేబుల్ వేసుకుని పిలిచేవాళ్ల దగ్గర, ఓటరు రిజిస్ట్రేషన్ ఫారం చేతికొస్తుంది. పౌరులు కానివాళ్లు దాని మీద సంతకం పెట్టకూడదు. తెలియక పెట్టినా ఇమ్మిగ్రేషన్‌లో పెద్ద చిక్కులొస్తాయి. ఈ మాట పిల్లలకు విడిగా, స్పష్టంగా చెప్పండి. పౌరులైన పిల్లలు ఇంటి రాష్ట్రంలోగాని కాలేజీ రాష్ట్రంలోగాని, ఏదో ఒకచోటే ఓటు పెట్టుకోవాలి.

డబ్బు లెక్కలు

529 ప్లాన్ నుంచి ట్యూషన్, పుస్తకాలు, కంప్యూటర్‌తో పాటు, కనీసం హాఫ్-టైమ్ చదువుతుంటే గది అద్దె, భోజనం ఖర్చులకూ తీయవచ్చు. బయట అపార్ట్‌మెంట్‌లో ఉన్నా తీయవచ్చు గానీ, కాలేజీ తన అంచనాలో చూపే మొత్తం దాటకూడదు. విమాన టికెట్లు, హెల్త్ ఇన్సూరెన్స్ దీనికి లెక్కలోకి రావు. తప్పు ఖర్చుకు తీస్తే లాభం మీద పన్నుతో పాటు 10 శాతం జరిమానా. ఖర్చు ఏ క్యాలెండర్ సంవత్సరంలో అయితే డబ్బూ ఆ సంవత్సరంలోనే తీయండి. అమెరికన్ ఆపర్చునిటీ క్రెడిట్ కింద ఏడాదికి 2,500 డాలర్ల వరకు పన్ను తగ్గవచ్చు, ఆదాయ పరిమితి ఉంది. దానికి చూపించిన ట్యూషన్‌ను మళ్లీ 529కి చూపకూడదు.

21 ఏళ్లలోపువారికి సొంత ఆదాయమో, హామీదారో లేకుండా క్రెడిట్ కార్డు ఇవ్వడంపై 2009 నాటి చట్టం కింద పరిమితులున్నాయి. మీ కార్డులో ఆథరైజ్డ్ యూజర్‌గా చేర్చడం చాలామంది ఎంచుకునే దారి. డార్మ్‌లోని సామానుకు మీ ఇంటి ఇన్సూరెన్స్ కొంతవరకే వర్తిస్తుంది. ల్యాప్‌టాప్ పోతే ఎంత వస్తుందో, డిడక్టబుల్ ఎంతో ఏజెంటును అడగండి. అపార్ట్‌మెంట్‌లో ఉంటే రెంటర్స్ ఇన్సూరెన్స్ తప్పనిసరి అనుకోండి. కారు ఇంట్లోనే వదిలి దూరం వెళ్తున్నట్టయితే ఆటో ఇన్సూరెన్స్‌లో దూర విద్యార్థి తగ్గింపు ఉందేమో కనుక్కోండి.

గది, వంట, సామాను

ఇప్పుడు అట్టపెట్టెల సంగతి. డార్మ్ మంచాలు చాలావరకు ట్విన్ ఎక్స్ఎల్. మామూలు ట్విన్ పొడవు 75 అంగుళాలు, దీనిది 80. ఇంట్లో ఉన్న దుప్పట్లు పట్టవు. కొనే ముందు కాలేజీ జాబితా చూడండి.

రైస్ కుక్కర్, ఇన్‌స్టంట్ పాట్, ఇండక్షన్ పొయ్యి చాలా డార్మ్ గదుల్లో నిషేధం. తనిఖీలో దొరికితే తీసేసుకుంటారు, జరిమానా కూడా పడవచ్చు. అంతస్తుకో ఉమ్మడి వంటగది ఉంటే అక్కడ వాడుకోనిస్తారేమో అడగాలి. మైక్రోవేవ్‌లో అన్నం వండటం వేసవిలోనే నేర్పండి, పది నిమిషాల పని. మొదటి సంవత్సరం మీల్ ప్లాన్ తప్పనిసరి అనే కాలేజీలు ఎక్కువ. శాకాహారులైతే, గుడ్డు కూడా తినని ఇల్లయితే, డైనింగ్ విభాగంలో డైటీషియన్‌కు ముందే ఈమెయిల్ చేయించండి. పచ్చళ్లు గాజు సీసాల్లో కాకుండా గట్టి మూతలున్న ప్లాస్టిక్ డబ్బాల్లో, కొద్దికొద్దిగా పంపండి. ఇంగువ, ఆవకాయ వాసన మనకు ప్రాణం లేచొచ్చేదే గానీ, రూమ్మేట్‌కు కొత్త.

విమానంలో వెళ్లేవాళ్లు పరుపు ఫోమ్, ఫ్రిజ్ వంటివి కాలేజీ ఊరి షాపులో ఆన్‌లైన్‌లో కొని, అక్కడే తీసుకోవడం మేలు. పవర్ బ్యాంకులు చెక్-ఇన్ పెట్టెలో పెట్టకూడదు, చేతి సంచిలోనే ఉండాలి.

దిగబెట్టే రోజు, ఆ తర్వాత

చాలా కాలేజీలు ఒక్కొక్కరికి ఒక సమయం కేటాయిస్తాయి. ఆలస్యంగా వెళ్తే పార్కింగ్, లిఫ్ట్ రెండూ దొరకవు. తాతయ్య, అమమ్మ, బాబాయి, పిన్ని అందరూ రావాలనుకోవడం సహజమే కానీ, చిన్న గదిలో రూమ్మేట్ కుటుంబం కూడా ఉంటుంది. గది సర్దేటప్పుడు ఏది ఎక్కడ పెట్టాలో పిల్లల్నే చెప్పనివ్వండి. తిరిగి వచ్చే ముందు క్యాంపస్ హెల్త్ సెంటర్, దగ్గరలోని ఆసుపత్రి, ఫార్మసీ మూడూ కలిసి నడిచి చూసి రండి. జ్వరం వచ్చిన రోజున దారి వెతుక్కునే పని ఉండదు.

ఫోన్ ఎప్పుడు చేసుకోవాలో ముందే ఒక మాట అనుకోండి. వారానికి ఒకసారి వీడియో కాల్, మధ్యలో మెసేజ్‌లు అనుకుంటే రెండు వైపులా ప్రశాంతంగా ఉంటుంది. మొదటి ఆరు వారాల్లో ‘ఇంటికి వచ్చేస్తాను’ అనడం చాలామందిలో ఉంటుంది, ఒక్క ఫోన్‌కే టికెట్ కొనేయకండి. నిద్ర పోవడం లేదని, తినడం లేదని, క్లాసులకు వెళ్లడం లేదని వారాల తరబడి వింటుంటే మాత్రం ఆలస్యం చేయకండి. మీరు ఫోన్ చేస్తే డీన్ ఆఫ్ స్టూడెంట్స్ కార్యాలయం రికార్డులు చెప్పకపోవచ్చు. కానీ మీరు చెప్పేది వినడానికి, ఎవరినైనా పంపి చూడమని అడగడానికి ఏ చట్టమూ అడ్డు కాదు.

థ్యాంక్స్‌గివింగ్ నవంబరు నాలుగో గురువారం. టికెట్లు ఆగస్టులోనే చూసుకోండి. శీతాకాలం సెలవుల్లో డార్మ్‌లు మూసేసే కాలేజీలూ ఉన్నాయి.

ఏది ఎప్పుడు?

జూన్: టీకాలు, టీబీ రక్త పరీక్ష, డాక్టరు, థెరపిస్టు ఏర్పాట్లు.

జూలై: ఇన్సూరెన్స్ నెట్‌వర్క్ కనుక్కోవడం, వేవర్ గడువు రాసిపెట్టుకోవడం, వైద్యం కాగితాలు, పవర్ ఆఫ్ అటార్నీ సంతకాలు.

ఆగస్టు: ఫెర్పా రిలీజ్, ఫీజు అకౌంట్ అనుమతి, 529 సొమ్ము, కాగితాల స్కాన్ కాపీలు ఫోన్లలోకి.

చేరిన 10 రోజుల్లో: పౌరులు కానివాళ్లకు అడ్రస్ మార్పు.

పిల్లల మీద చట్టం ఇచ్చిన హక్కు 18 ఏళ్లకు అయిపోతుంది. ఆ తర్వాత మనకు మిగిలేది వాళ్లు నమ్మి ఇచ్చినంతే. సంతకాల కోసం బల్ల దగ్గర కలిసి కూర్చునే ఆ ఒక్క సాయంత్రం, ఆ నమ్మకం గురించి కూడా మాట్లాడుకోండి. అట్టపెట్టెలు ఆ మర్నాడు కట్టుకోవచ్చు.